కనిపించింది రాయి

ఏటుకూరు రోడ్డులో మూతపడ్డ మిరపకాయల గోడౌను.
మూడు రోజులు అదే మా హత్యాస్థలం.
గేటు దాటగానే పదకొండు మందిమీ తుమ్మాం.
సరుకు వెళ్ళి రెండేళ్ళయిందట,
ఘాటు మాత్రం ఇంకా ఖాళీ చెయ్యలేదు.

చచ్చిపోయినావిడ లాలాపేట బట్టల కొట్టు బొమ్మ.
నైలాన్ చీర. ఒక చెయ్యి లేదు.
ఉన్న చేతికి ధర చీటీ వేలాడుతోంది:
ఆరొందల యాభై, బేరం లేదు.
నాగూర్‌బాబు నవ్వాడు.
జోజిరెడ్డి సారు నవ్వలేదు.
"చీటీ కూడా రాయండి. ఏ చేతికి? రాత ఎటు తిరిగి ఉంది?"

ముప్ఫయ్యొక్క ఏళ్ళు వేలిముద్రలు చూసిన మనిషి.
ఎవరు ఎదురొచ్చినా మొహం కంటే ముందు
చేతుల్ని పలకరిస్తాడు.

మొదటి పూటంతా కాళ్ళు ఎక్కడ పెట్టాలో నేర్పాడు.
"ముందొచ్చినోడు ఎటు నుంచి వచ్చుంటాడో
అటు నుంచి మీరు రావద్దు."
గోడవారగా నడిచాం, తడి గట్టు మీద నడిచినట్టు.
టేపు ఒక కొస నా దగ్గర, ఒక కొస శౌరీలు దగ్గర.
తలుపు నుంచి తలకి మూడు మీటర్ల నలభై.
నాకు బొమ్మ గీయడం రాదు సార్ అంటే
"అందం ఎవరడిగారు? ఉత్తరం ఎటో గుర్తు పెట్టు."

నెత్తురు బీట్‌రూట్ రసం, చిక్కదనానికి బెల్లం పాకం.
మధ్యాహ్నానికి చీమలు పట్టాయి.
తుడవబోయిన చెయ్యి ఆయన కేకకి గాల్లో ఆగింది.
"ఏ గోడ నుంచి వచ్చినయ్? ఎన్నింటికి? టైము వేసుకో.
సాక్షులమ్మా అవి.
సమన్లు లేకుండా వచ్చిన సాక్షులు."

తడి గుడ్డ ఆరాకే, కాగితం కవర్లోనే.
ప్లాస్టిక్‌లో చుడితే కోర్టుకి బూజు వెళ్తుంది.
వెంట్రుకకో మడత, మట్టికో పొట్లం,
పొట్లం మీద దారం, దారం మీద లక్క.
నా బొటనవేలు కాలింది. అది ఎవరూ రాసుకోలేదు.

రెండో రోజు గాజు గ్లాసులు.
నల్ల పౌడరు, ఉడత తోకలాంటి బ్రష్షు.
"నొక్కకు. నిద్రపోయే పిల్ల మీద ఈగని తోలినట్టు."
శౌరీలు గ్లాసు మీద చక్రం లేచింది,
నాగూర్‌బాబు గ్లాసు మీద రెండు శంఖాలు.
నా గ్లాసు మీద నాలుగు మచ్చలు.
నున్నగా,
చేతులు మారి మారి అరిగిన రూపాయి బిళ్ళలా.

"గ్లౌజులేసుకున్నాడు" అని పక్క నుంచే తేల్చేశాడు నాగూర్‌బాబు.
భూతద్దం పెట్టాను.
చెమట ఉంది. కణుపు దగ్గర మడత ఉంది.

నాకు తెలుసు ఆ వేళ్ళు.
రేషను మిషను ముందు
"తుడిచి పెట్టమ్మా, ఇంకో వేలు పెట్టమ్మా" అనిపించుకునే వేళ్ళు.
కిలోకి ఇంత అని
ఇరవై మూడేళ్ళు మిరపకాయ మెడ విరిచి
రాత్రికి చన్నీళ్ళ బక్కెట్లో పడుకునే వేళ్ళు.
చిన్నప్పుడు నేనేడిస్తే
మోచేత్తో కళ్ళు తుడిచేది మా అమ్మ.

రాశాను:
తొడుగు లేదు. చర్మమే. గీతలు అరిగినవి.
తొడిమలు తీసే మనిషి కావచ్చు.

సారు ఎర్ర పెన్ను తీశాడు.
మూడు ముక్కలు ఉంచాడు, నాలుగోది కొట్టేశాడు.
"ఈ 'కావచ్చు' గ్లాసు మీంచి రాలేదు, నీలోంచి వచ్చింది.
కనిపించింది రాయి."

నిజమే. నిజమైనందుకే కోపమొచ్చింది.

సాయంత్రం టీల దగ్గర తెలిసింది,
ఆ గ్లాసు ముట్టుకున్నది వాచ్‌మన్ ఏసోబు భార్య అని,
పదిహేనేళ్ళు ఇదే గోడౌన్లో తొడిమలు తీసిందని,
పొద్దున సారే పిలిచి పట్టుకోమన్నాడని.
తెలిసే కొట్టేశాడు.

ఇంటికెళ్తే అమ్మ మంచినీళ్ళిచ్చింది.
తాగి, గ్లాసుని ట్యూబులైటు కేసి ఎత్తి పట్టుకున్నాను.

"ఏందే అట్టా చూస్తావు?
కడిగే ఇచ్చాలే."