సంతకాల కాగితం

పదకొండు గంటలకి మీటింగు.
పెన్నకి కరకట్ట ఎంతెత్తు లేపాలో
జనం చెప్పాలంట.

నలభై కుర్చీలు తుడిచింది నేనే.
వచ్చింది పంతొమ్మిది మంది.
పదహారు కళ్లజోళ్లు, ఒక ఊతకర్ర,
తొందరేం లేని గొంతులు.
ఆడోళ్లు ఇద్దరు, అందులో ఒకామె
ఫోటోలు తీసే ఆఫీసు మనిషే.
మాగుంట లేఅవుట్ నించి కార్లో వచ్చిన పెద్దాయన
అరగంట మాట్లాడినాడు.
బాగానే మాట్లాడినాడు, పాపం.
ఆయన వీధిలో నీళ్లు నిలబడవు.

వేలిముద్రలోళ్లకని ఇంకు ప్యాడ్ పెట్టినా.
మూత తీసే పని పడలా.

కట్ట కింద నించి ఒక్కరూ రాలా.
చెంగమ్మ ఆ పొద్దుకి రొయ్యల కంపెనీలో
ఐసు నీళ్లలో తలలు తుంచతా ఉంటాది.
అరపూట మానితే పోయేది అరకూలి కాదు, మొత్తం.
మస్తాన్‌బీ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి
అప్పుడే నడుం వాల్చుంటాది.
పెంచల్ కిశోర్ ఎవురి బిర్యానీనో వీపున కట్టుకోని
ఆత్మకూరు బస్టాండు కాడ ఉంటాడు.
కబురు పోలేదా అంటే,
ఆఫీసు గోడకి అంటించినాం కదా.
గోడ లేచి పోయి చెప్పొస్తాదనుకున్నామేమో.

టీ ఇస్తా ఇస్తా నోరు తెరవబోయినా.
"చక్కెర లేంది ఉందామ్మా?"
ఉండాది సార్.

సాయంత్రం ఫైల్లో చూసినా:
'ప్రజలు ఏకగ్రీవంగా ఆమోదించినారు.'
గ్రీవమంటే మెడేనంట,
మా పిల్ల నోట్సులో రాసుకోనుండాది.
ఎవురిదో ఆ ఒక్క మెడ.

కాగితంలో ఇరవయ్యో గీత ఖాళీ.
పోయిన వరదకి మా ఇంట్లో నీళ్లు
నా మెడకాడ ఆగినాయి.