ఇరవై రెండు ముడులు

వాల్దీవియాలో వాన పడుతోందని రాయక్కర్లేదు,
పడని రోజునే రాసుకుంటాం.

ఐదో అంతస్తు. నాణ్యతా కమిటీ.
నేను మినిట్స్ రాసే గుమాస్తాని.
నాలుగో వార్డులో మూడు నెలల్లో పదకొండు మంది
రాత్రిపూట జారిపడ్డారు.
తెరమీద ఎర్రగీత మెట్లెక్కుతోంది.
కదిలితే మోగే మంచాలు కొందామన్నారొకరు.
ఇంకో పోస్టరు అంటిద్దామన్నారింకొకరు.

ఎవరికి తట్టిందో, ఈసారి ఓరియానాని పిలిచారు.
పద్నాలుగేళ్ల రాత్రి డ్యూటీ,
లిఫ్టులో ఐదో నంబరు నొక్కడం ఇదే మొదలట.
కుర్చీ అంచునే కూర్చుంది
ఎటునుంచి పిలుపొస్తుందో అన్నట్టు.

"మీరేమైనా..." అన్నారు డాక్టర్ ఇరిగోయెన్
గడియారం చూసుకుంటూ.

ఆమె జేబులోంచి బ్యాండేజీ చుట్ట తీసి
బల్లమీద విప్పుకుంటూ పోయింది
కాఫీ కప్పుల మధ్య నుంచి, తలుపు దాకా.
"మంచం నుంచి మరుగుదొడ్డికి ఇంత దూరం.
అడుగుకో ముడి వేశాను. ఇరవై రెండు.
నీళ్లు పోయే మాత్ర పదింటికిస్తాం,
మీ రౌండు అప్పటికిగానీ అవదు కనక.
అర్ధరాత్రి దాటాక ఆగలేక లేస్తారు.
బెల్లు ఎడమవైపు వేలాడుతుంది.
పడ్డవాళ్లలో ఏడుగురికి ఎడమ చెయ్యే లేవదు."

"తక్కిన నలుగురూ?"

అప్పుడు మాత్రం తల దించుకుంది.
"వాళ్లకి బెల్లు అందుతుంది. నొక్కరు.
మా బూట్ల చప్పుడు వింటూ పడుకుంటారు.
అది కాసేపు ఆగిందంటే
ఇప్పుడేగా పాపం కూర్చుంది, లేపడమెందుకని
మెల్లగా దుప్పటి తీస్తారు."

నా పట్టికలో మూడే గడులు:
సమస్య, కారణం, బాధ్యులు.
జాలిని ఏ గడిలో రాయను?

మాత్ర సాయంత్రం నాలుగింటికి మారింది.
బెల్లు తాడు కుడివైపుకొచ్చింది,
వడ్రంగికి అరపూట పని.
పిలవకముందే పన్నెండున్నరకి ఆమే వెళ్లి
"లేద్దామా?" అంటుంది.
మినిట్స్‌లో అదంతా "సిబ్బంది సూచన".
పేరు రాశాను. పైవాళ్లు కొట్టేశారు.

తర్వాతి నెల ఇద్దరే పడ్డారు.
అందులో డోన్ ఎలియాసర్, ముసలి పడవవాడు,
మరుగుదొడ్డికి కాదు, కిటికీ దగ్గరికి వెళ్తూ:
నది ఎంతెత్తు వచ్చిందో చూడాలని.
ఆ దారికి ఆమె ముడులు వెయ్యలేదు.

కసిరిందట ముందు.
తర్వాత ఎవర్నీ అడక్కుండా
మంచం చక్రాల బ్రేకు కాలితో ఎత్తి
ఆయన్ని నీళ్లవైపు తిప్పింది.