పదకొండు సెంటీమీటర్లు

నవంబరులో తుర్కులో మూడున్నరకే చీకటి.
ఔరా నది మీద మంచు ఇంకా పట్టలేదు,
పట్టాలా వద్దా అని చూస్తోంది.
పత్రికాఫీసు రెండో అంతస్తులో
కత్తెర, మైనం, స్టీలు స్కేలు పెట్టుకుని
రేపటి పేజీ అతుకుతున్నాను.

ఓస్మో కారెలా సమీక్ష వచ్చింది, మూడు కాగితాలు.
ఇద్దరు మనుషులు, మొదటి రికార్డు.
ఇంపి సెల్లో తీగల మధ్య బట్టల క్లిప్పులు దూర్చి వాయిస్తుంది.
తైస్తో పాత ఫ్రిజ్‌కి మైకు తగిలించి
దాని మూలుగును పెంచుతాడు, తగ్గిస్తాడు.
మాట లేదు, పాట లేదు.
రికార్డు పేరు "తలుపు సరిగా పడదు".

కారెలా రాశాడు కదా:
ఇదే సంగీతమైతే
మా వంటింట్లో ఇరవై ఏళ్లుగా కచేరీ నడుస్తోంది,
టిక్కెట్టు కొన్న వెర్రివాణ్ణి నేనొక్కణ్ణే.
నవ్వొచ్చింది. బాగా రాస్తాడు, తిట్టేటప్పుడు మరీనూ.

రాజధాని పత్రికకు అందులో హిమానీనదాలు వినిపించాయి,
యుద్ధంలో పోయినవాళ్ల ఊపిరి వినిపించింది.
రెండోవైపు తొమ్మిది సెకన్ల నిశ్శబ్దాన్ని
ఈ దశాబ్దపు సాహసం అన్నారింకెవరో.
(ఫ్యూజు పోయింది, అని తైస్తో ఎప్పుడో చెప్పాడు.
మళ్లీ మొదలెట్టడానికి టేపు మిగల్లేదట.)

ఆరింటికి ప్రకటనల వాళ్ల ఫోను.
చలికాలపు టైర్లు, నాలుగు కొంటే బిగింపు ఉచితం.
పదకొండు సెంటీమీటర్లు కావాలి.
ఎక్కణ్ణుంచి తియ్యను?
చావు కబుర్లు ముట్టుకోకూడదు.
హాకీ ముట్టుకుంటే ఆఫీసు అద్దాలు మిగలవు.
కింది నుంచి కొయ్యడం మా వృత్తిధర్మం,
ఎవరి రాతైనా కింది నుంచే.

కోశాను.

ఇంటికెళ్లి కోటు విప్పితే
మైనంతో మోచేతికి అంటుకుని ఉంది ఆ ముక్క:
"రికార్డు అయిపోయిన కాసేపటికి మా ఫ్రిజ్ ఆగింది.
అది ఆగడం ఇన్నేళ్లలో ఎప్పుడూ వినలేదు.
కుర్చీ వేసుక్కూచుని
మళ్లీ మొదలయ్యేదాకా ఎదురుచూశాను.
పొద్దున లేవగానే రెండోవైపు పెట్టాను.
కొనమని ఎవరికీ చెప్పను.
నా కాపీ మాత్రం ఎవరికీ అరువివ్వను."

కారెలా ఫోను చెయ్యలేదు.
తన రాతలు అచ్చులో చదవడు ఆయన.
రికార్డులు అరవై నాలుగు అమ్ముడయ్యాయి,
అందులో ఒకటి నాది.
టైర్లు కూడా కొన్నాను. బిగింపు నిజంగానే ఉచితం.

రెండేళ్లకు సంతలో ఇంపి కనబడింది,
చేతిలో ఉప్పుచేపల పొట్లం.
ఆ సమీక్ష ఆవిడకు కంఠతా వచ్చు.
కచేరీ, టిక్కెట్టు, వెర్రివాడు,
ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి మరీ అప్పజెప్పింది, నవ్వుతూ.
"రెండోవైపు విని ఉండడు పాపం," అంది,
"వింటే ఇంకో ముక్క రాసేవాడు."

ఆ ముక్క నా పర్సులో ఉంది,
టైర్ల రసీదు వెనకాల.
ఈ ఏడు చలి తొందరగా వచ్చిందన్నాను.
ఔనంది.