రెండు గంటలు

మార్చికల్లా అయిపోతుందన్నారు.
ఏ మార్చి అని ఎవరూ అడగలేదు.
ముప్పైతొమ్మిది మార్చిలో వలెన్సియా రేవుకి ఓడలొచ్చాయి,
గోధుమలు, తుపాకులు, పాలపొడి డబ్బాలు.
అందుకే యుద్ధం బతికింది.
దాని కొంగు పట్టుకుని మేమూ.

నా పేరు ఎంపార్. డిపోలో బండ్లు కడిగేదాన్ని.
మగవాళ్లు కందకాల్లోకి పోయాక
కంపెనీ నాకో టోపీ ఇచ్చింది.
చెవులదాకా దిగుతుంది,
లోపల ఇంకా ఎవరిదో జుట్టునూనె వాసన.
ఏడో నంబరు ట్రాముకి
డ్రైవర్నీ నేనే, కండక్టర్నీ నేనే.

అప్పట్లో పద్నాలుగు స్టాపులు.
నారింజలు కోతకొచ్చే వేళకి గొదేయా పోయింది.
ఒక ఆదివారం బుర్జసోట్ దాకా వెళ్లొచ్చాం,
సోమవారం వెళ్లలేకపోయాం.
కొత్త టికెట్లు అచ్చేయడానికి కాగితం లేదు.
పాతవాటి మీదే, పోయిన పేరు పోయినట్టు
పెన్సిలుతో కొట్టేసి ఇస్తాను.
పెన్సిలూ అరిగింది, దారీ అరిగింది.
మిగిలినవి నాలుగు.

ధర మాత్రం అదే, పదిహేను సెంతిమోలు.
"పద్నాలుగింటి డబ్బు నాలుగింటికా?
ఫ్రాంకోవాళ్లే నయం, తుపాకి చూపించి దోచుకుంటారు!"
రెమెయ్ అవ్వ రోజూ పోట్లాడుతుంది,
రోజూ ఇస్తుంది.
ఆమె ఇల్లు తొమ్మిదో స్టాపులో.

నీళ్ల పంపు మా వైపు, కరెంటు వాళ్ల వైపు.
దాహం ఇద్దరిదీ.
ఏ జనరలూ సంతకం పెట్టని ఒప్పందం ఒకటుంది:
సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా
వాళ్లు కరెంటు వదుల్తారు, మేం నీళ్లు వదుల్తాం.
ఆ రెండు గంటలూ ఫిరంగులకు కునుకు.
ఆ రెండు గంటలే నా బండికి ప్రాణం.

తూరియా వంతెన నడుమ విరిగింది.
పట్టాలు చెరోవైపు గాల్లోకి సాగి ఆగాయి,
చెయ్యి కలపబోయి మానుకున్నవాళ్లలా.
పైన తీగ మాత్రం తెగలేదు.

అవతలి ముక్క మీద ఎలిసేవు నడుపుతాడు.
చూడక్కర్లేదు, ఆపే తీరుని బట్టి చెబుతాను:
బ్రేకు రెండుసార్లు వేస్తాడు,
ఒకటి చక్రానికి, ఒకటి తన నమ్మకానికి.
వంతెన మీద ఎప్పుడూ ఒంటిపట్టే.
రూలు పుస్తకం, పదకొండో పేజీ:
రెండు గంటలు కొట్టు.
జవాబు వచ్చేదాకా కదలకు.

కొడతాను.
ఠంగ్, ఠంగ్.
బండిలో అందరూ దగ్గు ఆపుకుంటారు.
నది మీదుగా, చలిలో కాస్త వంగి వస్తుంది:
ఠంగ్, ఠంగ్.
అప్పుడు వెనక్కి తిప్పుతాను.
ఎదురు రాలేమని తెలిసీ
నాలుగు నెలలు ఇలా దారి ఇచ్చుకున్నాం.

ఫిబ్రవరి తొమ్మిదిన కొట్టాను.
లేదు.
జ్వరమేమో అన్నాడు ఒక గడియారాల రిపేరువాడు.
డ్యూటీ మార్చారేమో అన్నారు ఇంకెవరో.
గంట నాలుకకి మంచు పట్టిందేమో, మళ్లీ కొట్టు తల్లీ.
మళ్లీ కొట్టాను.
రెమెయ్ అవ్వ ఏమీ అనలేదు,
తవుడు సంచి ఈ మోకాలి మీంచి ఆ మోకాలికి మార్చుకుంది.

రూలు రూలే. కదల్లేదు.
ఎనిమిదికి బల్బు ఎర్రబడింది,
లోపలి పురి ఒక్కటీ కాసేపు కనిపించి
అదీ పోయింది.

చీకట్లో ఎవరూ తిట్టలేదు.
పదిహేడు మంది దిగి
తాము టికెట్టు కొన్న బండిని
తామే డిపో దాకా నెట్టారు.
పట్టా అతుకు వచ్చినప్పుడల్లా గంట దానంతటదే చిన్నగా మూలిగింది,
ప్రతిసారీ ఎవరో ఒకరు వెనక్కి చూశారు.

మర్నాడు ఆరింటికి రెమెయ్ అవ్వ ఎక్కింది.
పదిహేను సెంతిమోలూ లెక్కపెట్టి
నా అరచేతిలో పెట్టింది.
పోట్లాడలేదు.

తొమ్మిదో స్టాపులో నీకెవరున్నారని
నేనెప్పుడూ అడగలేదు.
పెన్సిలు చెవి మీదే ఉంచుకుని
పద్నాలుగు పేర్లతో ఒక టికెట్టు
చింపి ఇచ్చాను.