పరమాణు సంఖ్య తొమ్మిది

సర్వే పిల్ల అరుగు మీద కూసొని
పలకంత ఫోన్ల గడులు నింపుతున్నది.
పేరు? అండాలు.
ఎంతదాంక సదివిన్రక్కా? పది.
ఆరోగ్యం?
మంచిగ, పర్వాలేదు, బాగలేదు, చెప్పలేను.
ఏదన్న ఒక్కటే ఒత్తాలెనట.

గోడ పట్టుకొని లేసి నిలబడ్డ.
నా మోకాళ్లు ఒకదానితోని ఒకటి కొట్లాడుకుంటయి.
ఎవలన్న పిలిస్తె మెడ ఒక్కటి తిరుగది,
మనిషినంతా తిప్పుకోవాలె
ఎడ్లబండిని మలిపినట్టు.

మా బడి ముంగట బోరింగుండె.
చండూరు బస్సు దిగొచ్చే సైన్సు సారు
బోర్డు మీద గుండ్రంగ రాసిండు:
ఫ్లోరిన్, పరమాణు సంఖ్య తొమ్మిది.
చూసి రాసుకున్నం.
ఇంటర్వెల్ గంట కొట్టంగనే ఉరికి
ఒకలు కొడుతుంటె ఒకలం దోసిళ్లు పట్టి
ఆ తొమ్మిదినే కడుపునిండ తాగినం.
పదేండ్లు.
ఒక్కపూట బడి ఎగ్గొట్టలేదు నేను,
హాజరుకు బహుమతిగ స్టీలు గిలాస గూడ ఇచ్చిన్రు.

తమ్ముడు లింగస్వామి
మూడో తరగతిల పలక పలగ్గొట్టి
మేకలెంబడి పోయిండు.
వాగుల చెలిమె తోడి
మోదుగాకు దొప్పల తాగిండు.
ఇయ్యాల్టికీ గట్లు దుంకుతడు.
నవ్వితె పచ్చిజొన్న కంకి ఒలిచినట్టుంటది.
నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుత.

"నీ సదువంత కీళ్లల్ల కూసున్నది బిడ్డా" అంటది అమ్మ.

అయినా తిట్టబుద్ధి కాదు.
అమ్మ బీపీ గోలీల పట్టీ తెచ్చి
వాడు నా ఒళ్లెనే ఏస్తడు:
"అక్కా, గిది పొద్దుందా, మాపుందా?"
నేను నల్లగొండ దవఖాన్ల పడ్డ యేడు
అడిగెటందుకు ఎవ్వలు లేక
రంగు జూసి మింగిచ్చిండు.
మూడొద్దులు అమ్మ కండ్లు తెరువలె.
ఆ ముచ్చట ఇంట్ల ఎవ్వలం ఎత్తం.

ఇప్పుడు వాని బిడ్డ ఎనిమిది.
సంచిల పుస్తకాలకన్న సీసా బరువు.
కృష్ణ నీళ్లు, ఇంటికాన్నుంచే మోస్తది.
వాడే మూత బిగిచ్చి పంపుతడు,
సీసా మీద రాసింది సదవరాకున్నా.

"ఏది ఒత్తమంటవక్కా?"
ఎండకు పిల్ల పెదవులెండినయి.
నీళ్లిత్తునా అన్న.
తలూపింది. చెంబు అందుకున్నది.
నోటికాడ ఆపి
బిందె దిక్కు సూసి, నా కాళ్ల దిక్కు సూసి
మెల్లగ అడిగింది:
"ఇవి ఏ నీళ్లక్కా?"

నాకు కోపం రాలె.
మా ఇంటర్వెల్లప్పుడు
మాలో ఒక్కలమన్న అట్ల అడిగుంటె.