కొసరు లెక్క

ఎల్ ఆల్తో గాలికి రేకుల కప్పు దడదడలాడుతుంటే
మా ఒకటో తరగతి మూలన
అట్టపెట్టె బోర్లించి జుల్మా కొట్టు తెరిచింది.
సరుకు గులకరాళ్లు. వాటి పేరు బంగాళాదుంపలు.
డబ్బు సోడా మూతలు. ఎర్రది ఒకటి, పచ్చది అయిదు,
నలిగిన నీలం మూత పది. అది ఒక్కటే ఉంది,
దాని కోసం రోజూ పేచీ.
బట్టల హ్యాంగరుకు రెండు పెరుగు డబ్బాలు కట్టి
తక్కెడ నేనే చేశాను.
కొంచెం ఎడమకి మొగ్గుతుంది. పిల్లలకి తెలుసు.

"ఏడు" అన్నాడు ఎలోయ్, నీలం మూత చాపి.
పదిలోంచి ఏడు పోతే ఎంతని
నెల రోజులు నల్లబల్ల మీద చెప్పాను, రాలేదు.
ఆ పిల్ల తీసివేయనే లేదు.
ఏడు దగ్గర నిలబడి
వాడి అరచేతిలో ఒక్కో ఎర్ర మూతా పెడుతూ
ఎనిమిది, తొమ్మిది, పది అని నడిచింది.
సుద్దముక్క జేబులో వేసుకున్నాను.

గంట కొట్టే ముందు ఖాతా చూశాం.
ఇరవై రాళ్లు. అమ్మినవి పద్నాలుగు. మిగలాల్సినవి ఆరు.
ఉన్నవి మూడు.
"మళ్లీ లెక్కపెట్టు."
పెట్టింది. మూడే.
"తప్పు కాదు టీచర్" అంది,
నాకు అర్థం కావాలని నెమ్మదిగా,
"ముగ్గురు వచ్చారు కదా. మనిషికొక యాపా."

యాపా అంటే కొసరు.
తూకం అయిపోయాక ఇచ్చే ఆ కాస్త చనువు.
నా పుస్తకంలో కొన్నవాటికి గడి ఉంది, అమ్మినవాటికి గడి ఉంది.
స్కేలు పెట్టి మూడో గీత గీశాను.

మర్నాడు ఎలోయ్ కొట్టు.
వాడిది పెద్ద చెయ్యి. ఒకటి కొంటే నాలుగు కొసరు.
నాలుగో బేరానికే పెట్టె ఖాళీ,
గల్లాలో నాలుగు ఎర్ర మూతలు.
"రేపు సరుకెలా తెస్తావ్?" అడిగింది జుల్మా,
జాలిగా కాదు, పక్క కొట్టుదానిలా.
వాడు మూతల్ని ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు.
ఎంతకి ఎంత ఇస్తే కొట్టు బతుకుతుందని
బల్లల మధ్య కూర్చుని ఇద్దరూ రాళ్లు పంచుకున్నారు.
భాగహారం పాఠం ఇంకా చాలా పేజీల అవతల ఉంది.

సాయంత్రం సంతలో జుల్మా అవ్వ దగ్గర ఆగాను.
కుప్ప నా సంచీలోకి వంచి
ఆమె చెయ్యి మళ్లీ గోనె మీదికి వెళ్లింది.
ఒక పెద్ద దుంపని తాకింది, వదిలింది.
పక్కనున్న చిన్నదాన్ని తీసి
పావడాకి మట్టి తుడిచి పైన పెట్టింది.

ఆ తాకి వదలడంలో ఎంత లెక్క జరిగిందో
వేసుకుంటూ నడిచాను.
ఇల్లు దాటిపోయాక గానీ తెలియలేదు.