ఆరో గది

పెదజాలారిపేట ఎల్లాజీ
వలకి తగిలిందని గోనెలో చుట్టి తెచ్చాడు.
"తాళమేమో, తియ్యి" అన్నాడు.

పూర్ణామార్కెట్లో ముప్పయ్యేళ్లుగా
తాళాలే తీశాను. ఇది వేరు.
కిరసనాయిల్లో మూడు రాత్రులు నానాక
గుల్లలు ఊడి ఇత్తడి పసుపు తేలింది.
ఆరు గదుల చక్రం.
మందు పోసి, గుండు దిగ్గొట్టి,
వెనక మొనకి రాగిటోపీ తొడిగే కాలం నాటి పిస్తోలు.

నాలుగింట్లో ఇసుక.
ఐదోదాంట్లో పీత డిప్ప, వేలిగోరంత.
ఆరోదాంట్లో సీసపుగుండు,
దిగ్గొట్టింది దిగ్గొట్టినట్టే.

టోపీ నలిగింది, పేలలేదు.
ఏ ఓడ మీదో, ఎవరి గుండెకో గురిపెడితే
ఉప్పుగాలికి మందు చెమ్మగిలి
టిక్కుమని ఊరుకుంది.

ఎల్లాజీ తూకం వేయించమంటాడు,
కిలో ఇత్తడి ఎంతుందో అడుగుతాడు.
నాకేమో,
ఆ బతికిపోయినవాడు
ఆ రాత్రి అన్నంలోకి ఏం కలుపుకున్నాడో అని.